మూడు 12 వోల్టుల పంపులు పోయాయి. పారేయడమేనా, బాగవుతాయా?

గోడల_బాబాయ్:

అందరికీ నమస్తే. మాది విజయవాడ పటమట. నేనూ మా బావమరిదీ కలిసి రెండేళ్ల నుంచి అపార్ట్‌మెంట్ల బయటి గోడలు, అద్దాలు, డాబాల మీద సోలార్ ప్యానెళ్లు కడిగే పని చేస్తున్నాం. పెద్ద ప్రెషర్ వాషర్ ఒకటి ఉంది కానీ దాన్ని పాత గోడల మీద వాడితే రంగు పొట్టు పొట్టుగా ఊడొస్తుంది, అందుకని వానలకి పట్టిన నాచు, నల్ల చారలు ఉన్నచోట హైపో, అంటే బ్లీచింగ్ ద్రవం, కలిపిన నీళ్లు మెల్లగా చల్లి, పది నిమిషాలు ఆగి, మామూలు నీళ్లతో కడిగేస్తాం. ఆ చల్లడానికే ఈ చిన్న డయాఫ్రం పంపులు, లోపల రబ్బరు పొర ఆడుతూ నీళ్లు తోసేవి. 12 వోల్టులు, స్టిక్కర్ మీద ప్రెషర్ 100 పీఎస్ఐ, నిమిషానికి 5 లీటర్లు అని ఉంటుంది. బ్యాటరీ, పంపు, రెండు డబ్బాలు స్కూటర్ మీద వెళ్లిపోతాయి, అదే దీనితో సుఖం.

కష్టమేంటంటే ఏడాదిలో మూడు పోయాయి. మొదటిది అసలు తిరగదు, స్విచ్ వేస్తే చిన్న చప్పుడు కూడా లేదు. రెండోది బ్రహ్మాండంగా తిరుగుతుంది, నీళ్లు మాత్రం రావు. దీన్ని నెల క్రితం నేనే విప్పి, శుభ్రం చేసి, బైకు చెయిన్ సెట్‌కి వాడే గ్రీజు కాస్త రాసి బిగించాను, వారం రోజులు బాగానే పనిచేసింది, తర్వాత ఇలా అయింది. మూడోదానికి నీళ్లు తోసే హెడ్‌కీ మోటర్‌కీ మధ్య నుంచి నీళ్లు కారుతున్నాయి, తిరిగేటప్పుడు కంకర నమిలినట్టు చప్పుడు.

కొన్న షాపులో అడిగితే స్పేర్లు రావండి, కొత్తది తీసుకోండి అన్నారు. ప్రతిసారీ అదే మాట. ఆదివారం గుంటూరు లక్ష్మీపురంలో మూడంతస్తుల ఇల్లు ఒప్పుకున్నాను, చేతిలో పనిచేసే పంపు ఒక్కటీ లేదు, టెన్షన్‌గా ఉంది. ఈ మూడింట్లో ఒకటైనా లేస్తుందా?

ఆటోనగర్_అన్న:

పారేయకు తమ్ముడూ. నేను ఆటోనగర్‌లో డైనమోలు, సెల్ఫ్ మోటర్లు కడతాను, ఈ పంపులు కూడా అప్పుడప్పుడు వస్తుంటాయి. నా దగ్గరికి చచ్చిపోయిందని తెచ్చినవాటిలో ఎక్కువ వాటికి మోటర్ బాగానే ఉంటుంది. పోయేది పైన ఉన్న ప్లాస్టిక్ హెడ్డో, దాని నెత్తిన ఉన్న ప్రెషర్ స్విచ్చో. జనం మోటర్ పోయిందనుకుని మొత్తం విసిరేస్తారు.

తిరగనిదాని సంగతి ముందు చూద్దాం. బ్యాటరీ నుంచి వచ్చే ఎర్ర తీగ నేరుగా మోటర్‌కి పోదు, మధ్యలో ప్రెషర్ స్విచ్‌లోకి వెళ్లి బయటికొస్తుంది. నాజిల్ మూయగానే పంపు ఆగిపోయేది దాని వల్లే. ఆ స్విచ్‌కి ఉన్న రెండు క్లిప్పులూ పీకి, ఒకదానికొకటి కలిపి, ఫ్యూజ్ ఉంచుకునే బ్యాటరీకి పెట్టు. మోటర్ తిరిగిందంటే మోటర్ మంచిదే, స్విచ్ పోయినట్టు. ఐదారు సెకన్లు చాలు. నాజిల్ తెరిచే ఉంచు, స్విచ్ లేకుండా నాజిల్ మూసేస్తే పంపు ఆగదు, పైపు ఊడి మొహాన కొడుతుంది, అందులో హైపో ఉంటే కళ్ల సంగతి నీకు చెప్పక్కర్లేదు.

అప్పటికీ తిరక్కపోతే ఫ్యూజ్ హోల్డర్ విప్పి చూడు. ఫ్యూజ్ బాగానే ఉండి హోల్డర్ లోపల పచ్చగా పట్టి ఉంటుంది, హైపో ఆవిరి రాగిని అలా తినేస్తుంది. ఆ తర్వాతే మోటర్ లోపల కరెంటు అందించే కార్బన్లు.

ఇంకో మాట, నీ తీగ మందం ఎంత? వోల్టేజీ చూసేటప్పుడు బ్యాటరీ దగ్గర చూడకు, పంపు దగ్గర, అదీ పంపు తిరుగుతుండగా చూడు. 1 చదరపు మిల్లీమీటరు ఇంటి వైరు 5 మీటర్లు లాగావనుకో, రానూపోనూ 10 మీటర్లు, పంపు 6 ఆంపియర్లు తీసుకుంటే వోల్టు పైనే దారిలో పోతుంది. అదే 2.5 వైరు వేస్తే అరవోల్టు కూడా పోదు. వోల్టేజీ తక్కువైతే పంపు నీరసంగా తిరుగుతుంది, మనం పంపుని తిట్టుకుంటాం.

గోడల_బాబాయ్:

అన్నా, వైరు 1 మిల్లీమీటరుదే. ఇంట్లో ఫ్యాన్‌కి మిగిలింది వాడాను. రాత్రికి స్విచ్ సంగతి చూసి చెప్తాను.

మిర్చి_స్ప్రేయర్:

గుంటూరు నుంచి. స్పేర్లు రావని ఎవరన్నారండీ? మీరు అడగాల్సిన షాపు వేరు, అంతే. మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్ ఉంటుంది కదా, రైతులు వీపున వేసుకునే 16 లీటర్లది, దాని అడుగున ఉండేది కూడా ఇదే జాతి 12 వోల్టుల డయాఫ్రం పంపు. మిర్చి వేసే ఊళ్లకి దగ్గర్లో స్ప్రేయర్లు రిపేరు చేసే ఏ కొట్టుకెళ్లినా డయాఫ్రం, వాల్వ్ ప్లేటు, ప్రెషర్ స్విచ్ విడిగా డబ్బాల్లో పోసి ఉంటాయి. నాది అలాంటి కొట్టే. పేరు చెబితే ప్రచారం అంటారు, వద్దు. మీ పంపు హెడ్ విప్పి పట్టుకెళ్లండి, ఫొటో కాదు, వస్తువే. స్క్రూల మధ్య దూరం, లోపల గదులు మూడా నాలుగా, పైపు బిగించే పోర్టు దారం (మర), ఇవి కలవాలి. స్టిక్కర్ మీద పేరు ఏదైతే ఏంటి, లోపలి అచ్చు చాలావాటికి ఒకటే.

అయితే స్ప్రేయర్ పంపునే మొత్తంగా తెచ్చి గోడల పనికి పెట్టాలంటే ఆలోచించుకోండి. అది ఒక మనిషి మొక్కల మీద పిచికారీ చేయడానికి చేసింది. నీళ్లు 10 మీటర్లు పైకి ఎక్కాలంటే ఎత్తుకే 14 పీఎస్ఐ పోతుంది, ఆపైన పైపు పొడవు, సన్న పైపయితే ఇంకా పోతుంది. కింద నిలబడి మూడో అంతస్తుకి చల్లుదామంటే పై వరుస తడవదు. డాబా మీదికి పంపు తీసుకెళ్లి కిందికి చల్లుకోవడం వేరు, అది చేస్తుంది. సోలార్ ప్యానెళ్లకైతే హాయిగా సరిపోతుంది.

రైతు వాడి పక్కన పడేసిన పాత స్ప్రేయర్ల పంపులు పాత సామాను కొట్లలో కూడా దొరుకుతాయి. తీసుకోండి, తప్పులేదు, కానీ చేతికి గ్లోవ్స్ లేకుండా విప్పకండి. లోపల పురుగుమందు ఉంటుంది. సబ్బు నీళ్లతో రెండు మూడుసార్లు తిప్పి, ఆ నీళ్లు కాలవలో పోయకుండా వేరేగా పారబోయండి. అలాంటి పంపుని తాగే నీళ్ల ట్యాంకు కడగడానికి మాత్రం జన్మలో వాడొద్దు.

సోడియం_అక్క:

రెండో పంపు గురించి ఎవరూ మాట్లాడలేదు, దాని జబ్బు మాత్రం ప్రశ్నలోనే ఉంది. బైకు గ్రీజు!

హైపో కోసం అని అమ్మే పంపుల్లో వాల్వుల రబ్బరు తరచుగా ఈపీడీఎం అనే రకం. బ్లీచింగ్‌ని బాగా ఓర్చుకుంటుంది, పెట్రోలియం నూనె తగిలితే మాత్రం నానిన శనగల్లా ఉబ్బుతుంది. బైకు గ్రీజు పెట్రోలియం నూనెతో చేసేదే. ఉబ్బిన వాల్వు తన గుంటలో సరిగ్గా కూర్చోదు, మూసుకోవాల్సినప్పుడు మూసుకోదు, అప్పుడు మోటర్ ఎంత తిరిగినా నీళ్లు లోపలే ముందుకీ వెనక్కీ ఊగుతుంటాయి. వారం బాగా పనిచేసిందన్నారు చూడండి, ఆ వారం అది ఉబ్బుతోంది. విప్పి పాత వాల్వుని కొత్తదాని పక్కన పెట్టి చూడండి, తేడా కంటికే కనిపిస్తుంది. ఉబ్బింది మళ్లీ మామూలు సైజుకి వస్తుందని ఆశ పెట్టుకోకండి, మార్చేయడమే. రాయాల్సి వస్తే సిలికాన్ గ్రీజు, అదీ పల్చగా. నైట్రైల్ అనే మామూలు నల్ల రబ్బరు ఓ రింగులు ఉంటాయే, వాటిది దీనికి తిరగేసిన గుణం, నూనెకి ఆగుతాయి, హైపోకి పోతాయి. విటాన్ రెంటికీ ఆగుతుంది, ధర ఎక్కువ. స్ప్రేయర్ కొట్లో డయాఫ్రం కొనేటప్పుడు ఏ రబ్బరని అడగండి, వాళ్లకి తెలియకపోతే ఒక ముక్కని మీరు వాడే మందులో రెండు రోజులు నానబెట్టి చూసుకోండి. జిగురుగా అయినా, నల్లగా రంగు వదిలినా అది మీ పనికి రాదు.

ఇక హైపో అనే పేరు గురించి. మా నాన్నగారికి గవర్నర్‌పేటలో ఫొటో స్టూడియో ఉండేది, ఆ చీకటి గదిలో హైపో అంటే సోడియం థయోసల్ఫేట్. మీరు గోడలకి కొట్టేది సోడియం హైపోక్లోరైట్. పేరొకటే, గుణాలు పాముకీ ముంగిసకీ ఉన్నంత దూరం, ఎందుకంటే ఆ స్టూడియో హైపో ఈ బ్లీచింగ్ హైపోని చంపేస్తుంది. అక్వేరియం షాపులో యాంటీ క్లోరిన్ అని అమ్మే స్ఫటికాలు చాలావరకు అదే. పని అయ్యాక ముందు మామూలు నీళ్లు ఐదు నిమిషాలు పంపులో తిప్పి, తర్వాత బకెట్ నీళ్లలో ఒక చెంచా ఆ స్ఫటికాలు కలిపి ఇంకో నిమిషం తిప్పారంటే మూలల్లో దాక్కున్న క్లోరిన్ కూడా పోతుంది. చిక్కటి హైపోలో నేరుగా పోయకండి, వేడి పుడుతుంది.

ఇంకొకటి, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. మన బోరు నీళ్ల వల్ల వాల్వుల్లో తెల్ల గార పడుతుంది, దాన్ని కరిగించడానికి ఎవరో ఒకరు బాత్రూం యాసిడ్ పోయమంటారు. లోపల హైపో మిగిలి ఉండగా యాసిడ్ తగిలితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మూసిన గదిలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. నిమ్మ ఉప్పు కూడా ఆమ్లమే, వెనిగర్ కూడా ఆమ్లమే, వంటింటివి కదా అని తేలిగ్గా తీసుకోకండి. గార తీయాలంటే హెడ్ విప్పేసి, ముక్కలన్నీ నీళ్లలో బాగా కడిగి, వాసన పూర్తిగా పోయాక, ఆరుబయట, గోరువెచ్చని నిమ్మ ఉప్పు నీళ్లలో వేయండి. వాల్వులోంచి గాలి పోతుందో లేదో చూడటానికి నోటితో ఊదే అలవాటు కూడా ఉంటే మానేయండి బాబూ, సైకిల్ పంపు ఉంది కదా.

గోడల_బాబాయ్:

అక్కా, నోటితోనే ఊదాను, పెదాలు రెండు రోజులు మండాయి. ఇంట్లో మిరపకాయ బజ్జీల వల్ల అనుకున్నాం.

మొదటి పంపు లేచింది! ఆటోనగర్ అన్న చెప్పినట్టు క్లిప్పులు కలపగానే గిర్రున తిరిగింది. స్విచ్ విప్పితే లోపల ఉన్న బుల్లి మైక్రో స్విచ్ కాళ్లు పచ్చగా తుప్పు పట్టి ఒకటి విరిగే ఉంది. రెండోదాని హెడ్ విప్పాను, వాల్వు అంచులు పువ్వులా ముడతలు పడి ఉన్నాయి. మూడోది విప్పితే డయాఫ్రం చీలింది, వెనక బేరింగ్ నుంచి ఎర్రటి తుప్పు నీళ్లు. దాని మోటర్ చేత్తో తిప్పితే ఆగి ఆగి తిరుగుతోంది. రెండోదాని మోటర్ మాత్రం నున్నగా ఉంది.

బుడమేరు_బాధితుడు:

మూడోదాని మోటర్ కూడా వదలకండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్లు సింగ్ నగర్‌లోకి వచ్చినప్పుడు మా కింది పోర్షన్‌లో ఇలాంటి పంపులు రెండు, రోజుల తరబడి మునిగిపోయాయి, నీళ్లు తీశాక చూస్తే బురదలో ఇటుకల్లా ఉన్నాయి. ఇల్లంతా కడుక్కోవడానికి పంపే కావాలి, ఆ పంపేమో బురదలో, అదీ మా పరిస్థితి.

మంచి పని ఏం చేశానంటే తడి మీద కరెంటు పెట్టి చూడలేదు. పక్కింటాయన తన మిక్సీని అలాగే పెట్టి కాల్చుకున్నాడు. నేను మోటర్ విప్పి మామూలు నీళ్లతో ఒండ్రు మొత్తం కడిగి, రెండు రోజులు ఎండలో పెట్టాను. విప్పే ముందు వెనక మూతకీ డొక్కుకీ కలిపి మార్కర్‌తో ఒక గీత గీయండి. గీత లేకుండా విప్పి, మూత సగం చుట్టు తేడాగా పెట్టారంటే మోటర్ ఉల్టా తిరుగుతుంది. లోపల అయస్కాంతాలు ఆర్మేచర్‌ని, అంటే తిరిగే భాగాన్ని, గట్టిగా పట్టుకుంటాయి, లాగేటప్పుడు కార్బన్ల స్ప్రింగులు ఎగిరి మంచం కింద పడతాయి, అందుకని ఒక తెల్ల గుడ్డ పరుచుకుని కూర్చోండి.

ఆర్మేచర్ మీద కార్బన్లు రాసుకునే రాగి భాగం నల్లబడి ఉంటుంది. 400 నంబరు గరుకు కాగితంతో మెల్లగా రుద్దండి, ఆ రాగి పలకల మధ్య సందుల్లో పొడి లేకుండా అగ్గిపుల్ల చివరతో గీకేయండి. ఇనుముకి వాడే ఎమరీ గుడ్డ వాడొద్దు, దాని రవ్వలు ఆ సందుల్లో కూర్చుంటే మంచిది కాదని మా మెకానిక్ చెప్పేవాడు. బేరింగ్ మీద నంబరు చెక్కి ఉంటుంది. నావాటిలో 608 ఉన్నాయి, అంటే లోపల 8, బయట 22, మందం 7 మిల్లీమీటర్లు. పిల్లలు తిప్పుకునే స్పిన్నర్‌లో ఉండేది అదే, ఎక్కడైనా దొరుకుతుంది. రేకు మూత ఉన్న జెడ్‌జెడ్ రకం కాకుండా రబ్బరు సీలు ఉన్న టూ ఆర్‌ఎస్ అడగండి.

నా రెంటిలో ఒకటి ఇప్పటికీ మా డాబా మీద మొక్కలకి నీళ్లు కొడుతోంది. రెండోదానికి అయస్కాంతం జిగురు వదిలి ఊడిపోయింది, నేను మళ్లీ అంటించాను, అది ఆర్మేచర్‌కి రాసుకుని పొగొచ్చింది. అది పోయినట్టే లెక్క.

ఆటోనగర్_అన్న:

సింగ్ నగర్ తమ్ముడు చెప్పింది నిజమే, కానీ నీది వాన నీళ్లలో మునిగింది, బాబాయ్‌ది హైపో తాగింది. రెండూ ఒకటి కాదు. హైపో లోపలికి పోయిన మోటర్‌లో తీగ చుట్టల మీద వార్నిష్ బాగున్నట్టే కనిపిస్తుంది, షాఫ్ట్ మీద బేరింగ్ కూర్చునేచోట మాత్రం గుంటలు పడి ఉంటాయి, కొత్త బేరింగ్ వేసినా లొడలొడలాడుతుంది, ఆ లొడలొడకి నెలలో కొత్త డయాఫ్రం కూడా చీలుతుంది. షాఫ్ట్ మీద గోరు పెట్టి గీసి చూడు, గోరు తట్టుకుంటే ఆ మోటర్ మీద డబ్బు పెట్టకు. నున్నగా ఉంటే బేరింగ్ వేసి, నీళ్ల పనికి మాత్రమే ఉంచుకో.

ఆదివారానికి నేనైతే ఇలా చేస్తాను. మొదటి పంపుకి మోటర్, హెడ్ రెండూ బాగున్నాయి కాబట్టి మూడోదాని ప్రెషర్ స్విచ్ తీసి దానికి పెట్టు, అది ఇప్పటిదాకా పనిచేస్తున్నదే కదా. రెండోదానికి వాల్వ్ ప్లేటు కొను. మూడోదాని స్క్రూలు, పోర్టు మూతలు, ఫిల్టర్ జాలీ అన్నీ ఒక డబ్బాలో దాచు. స్టీలు స్క్రూలని ఎగిరెగిరి బిగించకు, ప్లాస్టిక్ దారం పోతే హెడ్ మొత్తం పోయినట్టే, ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా బిగించాలి, కారు చక్రం బిగించినట్టు.

మిర్చి_స్ప్రేయర్:

ఫిల్టర్ జాలీ అన్నారు కాబట్టి గుర్తొచ్చింది. అది పంపుకి ముందు, పీల్చే వైపు ఉండాలి. మొన్న ఒకాయన చల్లే వైపు పెట్టుకుని వాల్వుల్లో గోడ సున్నం నిండిపోయిందని వచ్చాడు. అలాగే పీల్చే పైపు క్లిప్పు వదులైతే నీళ్లు కారవు, గాలి పీలుస్తుంది, అందుకే ఎవరికీ తెలియదు. నీళ్లు రాకపోతే హెడ్ విప్పే ముందు ఆ క్లిప్పు ఒకసారి బిగించి చూడండి, సగం కేసులు నా బల్ల మీదికి రాకుండా అక్కడే తేలిపోతాయి. నాకు నష్టమే అనుకోండి.

గోడల_బాబాయ్:

ఆదివారం రాత్రి రాస్తున్నాను. పని అయిపోయింది.

మొదటి పంపుకి మూడోదాని స్విచ్ పెట్టాను, వైరు 2.5కి మార్చాను, పంపుని రెండో అంతస్తు బాల్కనీలో పెట్టుకుని పైకీ కిందికీ చల్లాం. వైరు మార్చాక చప్పుడే మారింది, ఇన్నాళ్లూ దాన్ని అన్నం పెట్టకుండా పని చేయించినట్టున్నాను. శనివారం సాయంత్రం గుంటూరులోనే స్ప్రేయర్ కొట్లో వాల్వ్ ప్లేటు దొరికింది, హెడ్ చేతిలో పెట్టగానే ఆయన డబ్బాలో చెయ్యి పెట్టి చూడకుండానే తీసిచ్చాడు. రెండోది కూడా ఇప్పుడు నీళ్లు కొడుతోంది, దాన్ని కడగడానికి మాత్రమే ఉంచాను, హైపో ముట్టించలేదు. పని అయ్యాక అక్క చెప్పిన స్ఫటికాల నీళ్లు తిప్పాం, మామూలుగా స్కూటర్ డిక్కీ తెరిస్తే వచ్చే ఆ ఘాటు ఈసారి లేదు.

మూడోదాని షాఫ్ట్ మీద గోరు ఆగింది అన్నా. పాత సామానులోకే.

ఒక్క సందేహం మిగిలింది. సన్న నాజిల్ పెట్టినప్పుడు మొదటి పంపు టకటకమని ఆగి ఆగి కొట్టుకుంటోంది, లావు నాజిల్ పెడితే మామూలుగా ఉంటోంది. మళ్లీ స్విచ్చేనా?

ఆటోనగర్_అన్న:

స్విచ్ పోలేదు. సన్న నాజిల్ నుంచి బయటికి పోయే నీళ్లకన్నా పంపు ఎక్కువ తోస్తోంది, ప్రెషర్ పెరిగి స్విచ్ ఆపేస్తుంది, తగ్గగానే మళ్లీ వేస్తుంది. అలాగే వదిలేస్తే మోటర్ వేడెక్కి, కొత్తగా పెట్టిన ఆ మైక్రో స్విచ్ కాళ్లే మళ్లీ కాలతాయి. స్విచ్ నెత్తిన మధ్యలో చిన్న అలెన్ స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పితే ఆగే ప్రెషర్ మారుతుంది, కానీ పావు చుట్టుకి మించి తిప్పకు. దానికన్నా పంపు తర్వాత పైపుకి ఒక టీ జాయింటు పెట్టి, చిన్న వాల్వుతో కొన్ని నీళ్లు వెనక్కి డబ్బాలోకి వదిలేయ్. డిక్కీ అన్నావు కాబట్టి ఇంకోటి, పంపునీ హైపో డబ్బానీ ఒకే డిక్కీలో మూసి పెడుతున్నావా?

గోడల_బాబాయ్:

ఇప్పటిదాకా అలాగే పెట్టాను. ఇప్పుడే వెళ్లి తీస్తున్నాను.